మడిస్తే విరగని రొట్టె

జొన్నరొట్టె ఎప్పటిదో తెలియాలంటే దాన్ని మడిచి చూడాలి. పెనం మీది నుంచి అప్పుడే దించిన రొట్టె గుడ్డలా మడతపడుతుంది. పొద్దున కాల్చింది మాపటికి అంచుల్లో పెళుసెక్కుతుంది. నిన్నటిదైతే నడిమికి విరిగి రెండు ముక్కలవుతుంది. ఈ సంగతి పాలమూరు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ మే నెల మధ్యాహ్నం మా ప్రయోగశాల బల్ల మీద ఒక స్టీలు టిఫిన్ డబ్బా తెరిచాను. అన్నం, వేటకూర, రెండు జొన్నరొట్టెలు. డబ్బాకు కట్టిన చీటీ ప్రకారం అవి ముందురోజు పగలు ఒక చావు దినంలో వడ్డించినవి. కూర పులిసిన వాసన రాలేదు. అందులో వేసిన కొత్తిమీర ఇంకా పచ్చగా ఉంది. రొట్టెను మడిచాను. విరగలేదు.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి కొద్ది ఏళ్లే అయింది. నేను ఉద్యోగం చివరికి వచ్చాను. మహబూబ్‌నగర్‌లో మాది ప్రజారోగ్య ప్రయోగశాల. బోరు నీళ్లు, పాలు, ఉప్పులో అయోడిన్, వాంతులు విరేచనాలు మొదలైన ఊళ్ల నుంచి వచ్చే నమూనాలు, ఇవి మేము చూసేవి. తిండిలో క్రిములున్నాయా అంటే చెప్పగలం. పురుగుల మందు ఉందా అంటే చెప్పలేం. చెప్పగల యంత్రం లేక కాదు. అది లోపలి గదిలో ఉంది. వచ్చిన నాటి నుంచి దాని మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు. నడవడానికి కావలసిన గ్యాసు సిలిండర్లు రాలేదు. శిక్షణ పొందిన మనిషి వచ్చినట్టే వచ్చి బదిలీ మీద పోయాడు. పైభాగం చదునుగా ఉండేది కనుక మేమంతా దాని మీద అన్నం డబ్బాలు పెట్టుకునేవాళ్లం. ఏటా జనవరిలో కొత్త డైరీ మొదలుపెట్టినప్పుడు ఆఫీసు సంగతుల కింద ‘యంత్రం యథాస్థితి’ అని ఒక ముక్క రాయడం నాకు అలవాటైపోయింది.

డబ్బా తెచ్చింది ఆహార భద్రతా అధికారిణి. నకిరేకల్ పక్క అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది దాటలేదు. జరిగింది ఆమే చెప్పింది. కోస్గి అవతల ఒక పల్లెలో గొర్ల కాపరుల ఇల్లు. ఇంటి పెద్దాయన చనిపోయాడు. దినం చేశారు. తిన్నవాళ్లలో కొందరికి సాయంత్రానికల్లా వాంతులు, నోటి నుంచి చొంగ, కాళ్లు చేతులు వణకడం. జిల్లా దవాఖానకు తెస్తే అక్కడి డాక్టరు కళ్లు చూసి, పాపలు ఆవగింజలంత అయిపోయాయి, ఇది పురుగుల మందే అన్నాడు. వైద్యం మొదలుపెట్టాడు. ఒక ముసలామె, ఒక ముసలాయన తెల్లవారేలోగా పోయారు.

"ఈ రొట్టె నీ ముందట డబ్బల వెట్టిండ్రా అమ్మా?" అని అడిగాను.

"నా ముందటనే సార్."

"కాల్చంగ చూసినవా?"

"లేదు సార్. తిన్నోళ్ల పేర్లు రాసుకుందామని ఇల్లిల్లు తిరుగుతున్న. వచ్చేసరికి డబ్బ తయారున్నది. కూర వేడిగుండె. చెడిపోతదని వేడి చేసిండ్రేమో అనుకున్న."

ఆమెకు కూడా రొట్టె మడిచి చూపించాను. ఆమెదీ జొన్నలు తినే ఊరే. ముఖం మారిపోయింది.

మా పెద్దసారు చెడ్డవాడు కాదు. సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పమని పైనుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది. నేను రొట్టె సంగతి చెబితే విన్నాడు. "నువ్వు రేపు పొయ్యి అసలు బువ్వ ఏడుందో చూసిరా. గీ పూటకైతే నేను ఆపలేను" అన్నాడు. వచ్చిన నమూనాలో హానికరమైనవి ఏవీ మా పరీక్షలకు కనబడలేదని రాసి పంపాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మరునాటి పేపరు మాత్రం దాన్ని ‘భోజనంలో ఏమీ లేదు’ అని కుదించింది.

పొద్దున్నే జీపులో బయలుదేరాం. పల్లెలో ఆ ఇంటి ముందు పందిరి ఇంకా విప్పలేదు. చనిపోయిన పెద్దాయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. పెద్దకొడుకు నులక మంచం తెచ్చి వాల్చాడు. చిన్నకోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగాలా వద్దా అని నేనూ, అధికారిణీ ఒకరినొకరు చూసుకున్నాం. తాగాం.

"అవ్వా, నిన్న మాకిచ్చింది దినంల మిగిలిన బువ్వేనా?" అని అడిగాను.

అవ్వ నా వైపు జాలిగా చూసింది. "గదెట్లిస్తం బిడ్డా? దినం బువ్వ రాత్రి ఇంట్ల ఉంచుతరా? పొద్దుగూకకముందే ఊరవతల గుంత తీసి పూడ్చిరి. మీ ఆఫీసరమ్మ అంతదూరం నుంచి ఎండల వచ్చి బువ్వ అడిగె. గుంత తవ్వి వెడ్తమా? చుట్టుపక్కలోళ్లు నవ్వరా?"

"మరి గా డబ్బల..."

"పక్కింట్ల పిండి బదులు తెచ్చి చేసినం. కూరకు పెద్దోడు ఉరికి మాంసం తెచ్చె."

"ఉత్త రొట్టె కట్టిస్తే బాగుండదని తెచ్చిన సార్" అన్నాడు పెద్దకొడుకు. ఇంట్లో చావు, ఆపైన దవాఖానలో చావులు. వాటి నడుమ అతను సర్కారు మనుషులకు మర్యాద తక్కువ కాకుండా చూసుకున్నాడు.

అధికారిణి అవ్వ పక్కన కూర్చుంది. "నేను తినడానికి అడిగిన అనుకున్నవా అవ్వా?"

"తినకుంటే మరి బువ్వ ఎందుకమ్మా?"

నమూనా అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఆ లోపలి గదిలోని యంత్రం నడుస్తూ ఉన్నా ఆ మెత్తని రొట్టెలో ఏమీ దొరికేది కాదు. ఈ సంగతి తర్వాత చాలా మీటింగుల్లో చెప్పాను. యంత్రం గురించి మాట్లాడినప్పుడు అందరూ రాసుకునేవారు. రొట్టె గురించి చెప్పినప్పుడు నవ్వేవారు.

అధికారిణి తన కాగితాలు తీసింది. అన్నం, కూర మాత్రమే తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. రొట్టె తిన్నవాళ్లే పడిపోయారు, ఎక్కువమంది ముసలివాళ్లు. పిండి ఎక్కడిదని అడిగాను. అప్పటిదాకా తలుపు పక్కన నిలబడ్డ చిన్నకోడలు ముందుకు వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవచ్చు.

"మామ విత్తనాల కాగు సార్. ఇంట్ల జొన్నలు సాలకపాయె. సుట్టాలు శానమంది వస్తరని అత్త గా కాగు దించుమన్నది."

"అండ్ల ఏమన్న కలిపి ఉండెనా?"

"బూడిద. అందరు కలుపుతరు కద సార్, పురుగు వట్టకుండ. సాటల వోసి చెరిగిన. కడిగిన. ఎండవోసి గిర్నికి పంపిన."

నేను కాగు చూపించమన్నాను. ఇంటి వెనక కొట్టంలో ఉంది. అడుగున పిడికెడు జొన్నలు, వాటికి అంటుకుని బూడిద రంగు పొడి. బూడిదను వేళ్ల మధ్య నలిపితే చర్మంలో ఇంకిపోయినట్టుంటుంది, వాసన ఉండదు. గ్లవ్సు వేసుకుని నలిపాను. ఇది ముఖానికి రాసుకునే పౌడరులా జారింది. వంగి చూస్తే ముక్కులో గుచ్చుకునే ఘాటు. అధికారిణి వెంటనే చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుంది.

"అవ్వా, గీ కాగుల పెద్దాయన ఏం కలిపిండో తెలుసా?"

"ఆయన విత్తనాలు ఆయనవే. నన్ను గూడ ముట్టనిచ్చెటోడు గాదు. అడిగితే, నీకెందుకే, నువ్వేమన్న దున్నుతవా అనెటోడు." అవ్వ సగం నవ్వి ఆగిపోయింది. కాగులో ఏముందో తెలిసిన ఒక్క మనిషి లేడు. అతని దినానికే ఆ కాగు దించారు.

"గిర్ని నుంచి వచ్చిన పిండి అంత ఒక్క పూటకే అయిపోయిందా?" అని అడిగింది అధికారిణి.

చిన్నకోడలు చేతిలోని చెంబును కింద పెట్టింది.

"దినానికి ముందురోజు కొంత పిండి తీసి రొట్టెలు కాల్చి ఎండవెట్టిన. ఆయన మందకాడికి తీస్కపోయిండు."

ఆయన అంటే ఆమె భర్త, ఈ ఇంటి చిన్నకొడుకు. ఎండాకాలం గడ్డి లేక ఇక్కడి కాపరులు మందలను నల్లగొండ పక్కకు తోలుకుపోతారు. వీళ్ల మంద అప్పటికే దేవరకొండ దాటి కాలువ కింది పొలాల్లో ఉంది. తండ్రి చావుకని తోడు కాపరికి మంద అప్పగించి బస్సులో వచ్చాడు. దినం నాడు అన్నం, కూర తిని మధ్యాహ్నమే బస్సెక్కాడు. వాంతులు మొదలయ్యేసరికి దారిలో ఉన్నాడు. అతను చేరగానే తోడు కాపరి తన ఊరికి వచ్చేశాడు. అక్కడ ఇప్పుడు అతనొక్కడే. ఎండబెట్టిన జొన్నరొట్టెలను ఇక్కడ కడక్ రొట్టెలంటారు. వారాల తరబడి చెడవు. నీళ్లు చల్లుకుని, కారం అద్దుకుని తింటారు.

"ఫోన్ చెయ్యమ్మా" అన్నాను. పెద్దకొడుకు అప్పటికే చేస్తున్నాడు. స్విచ్చాఫ్.

"మందకాడ చార్జింగు యాడిది" అన్నాడు.

చిన్నకోడలు నా ముందుకు వచ్చి నిలబడింది. "తొలుత సద్ది మూట తింటడు సార్. అన్నం, పచ్చడి కట్టిచ్చిన. గది అయిపోయినంక పక్క ఊర్లె ఎవరన్న పిలిచి పెడ్తరు. కడక్ రొట్టెలు ఆఖర్న ముట్టుతడు. ఇంక ముట్టి ఉండడు." ఆమె నన్ను అడగడం లేదు. తనకు తాను చెప్పుకుంటోంది.

పెద్దకొడుకు అంగీ తొడుక్కుని అలాగే బయలుదేరాడు. తోడు కాపరిని వెంట తీసుకుని బస్సులు మారుతూ పోతే చీకటి పడ్డాకే చేరతాడు. మా జీపు ఎక్కించి బస్సు స్టాండులో దించాం. కాగు అడుగున మిగిలినవన్నీ సీసాలో ఎత్తుకుని ప్రయోగశాలకు వచ్చాం.

అక్కడ ఇంకో కథ మొదలైంది. దేవరకొండ పక్క పోలీసు స్టేషనుకు ఫోన్ చేసి ఫలానా కాలువ కింద ఫలానా కాపరి ఉన్నాడు, అతని మూటలోని రొట్టెలు తిననివ్వకండి అని చెప్పాను. "రొట్టెలల్ల మందున్నదని రిపోర్టు ఉన్నదా సార్?" అన్నాడు అవతలి మనిషి. లేదన్నాను. పేపర్లోనేమో భోజనంలో ఏమీ లేదని వచ్చింది. "అదే కద మేము చదివినం" అన్నాడు. హైదరాబాదు పంపితే జవాబు వారాల మాట.

అధికారిణి లోపలి గది గుమ్మంలో నిలబడి ప్లాస్టిక్ కప్పుకున్న యంత్రాన్ని చూస్తోంది. "సార్, పక్కన మలేరియా ఆఫీసుల దోమ పిల్లలను పెంచుతరు కద" అంది. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.

మూడు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో ఉత్త నీళ్లు. ఒకదాంట్లో కట్టెపొయ్యి బూడిద కలిపి వడగట్టిన నీళ్లు. మూడోదాంట్లో కాగు జొన్నలు కడిగిన నీళ్లు. మూడింటిలోనూ దోమ పిల్లలను వేశాం. మొదటి రెంటిలోనూ తోకలాడిస్తూ పైకీ కిందికీ తిరిగాయి. మూడోదాంట్లో కాసేపు మెలికలు తిరిగి, ఒక్కొక్కటిగా అడుగుకు చేరాయి. మళ్లీ చేశాం. మళ్లీ అంతే. అది ఏ మందో ఆ గ్లాసు చెప్పదు. బూడిద కాదని మాత్రం చెప్పింది.

పెద్దసారు వచ్చి గ్లాసులను దీపం వెలుతురులో పెట్టి చూశాడు. ఈసారి ఫోన్ ఆయనే చేశాడు. అవతలి నవ్వు మాకు కూడా వినబడింది. "దోమ పిల్లలు సచ్చినయని పంచనామల రాయాల్నా సార్?"

"నవ్వుడయినంక మనిషిని పంపు" అన్నాడు పెద్దసారు. పంపుతామన్నారు. తెల్లవారాక పంపారు.

పెద్దకొడుకు ఫోన్ మరునాడు పగలు వచ్చింది. రాత్రి చీకట్లో కాలువ గట్ల వెంట వెతికారట. మంద ఎక్కడా అజ పజ లేదు. పొద్దున ఒక రైతు చెప్పాడట, ముందురోజు సాయంత్రం పొలంలో ఒక కాపరి పడి ఉంటే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారని.

"తమ్ముడు లేడు సార్" అన్నాడు.

ముందురోజు సాయంత్రమంటే, మేము గ్లాసులు కడుగుతున్న సమయం.

అక్కడి దవాఖానలో ఎండదెబ్బ అని రాశారు. మే నెలలో పొలంలో పడిపోయిన గొర్ల కాపరికి ఇంకేమని రాస్తారు? ఆ వారం అలాంటివాళ్లు ఇంకా వచ్చారట. నేను పెద్దకొడుకుకు చెప్పాను, శవాన్ని అప్పుడే తీసుకోకు, పరీక్షకు ముక్కలు తీయమను అని. "ఇంక కోస్తరా సార్ వాన్ని? అవ్వ ఎదురుచూస్తున్నది" అన్నాడు. నేను బలవంతం చేయలేదు. మహబూబ్‌నగర్ మీదుగా వెళ్తూ బండి ఆపించి, తమ్ముడి గొంగడిలో దొరికిన రొట్టెల మూట మాత్రం నా చేతికిచ్చాడు. పై రొట్టె సగం లేదు. దాన్ని మడవాల్సిన పని లేదు. పట్టుకుంటేనే పలుకులైంది.

మూట, కాగు జొన్నలు రెండూ హైదరాబాదు వెళ్లాయి. రిపోర్టు వచ్చేసరికి వానలు పడి విత్తనాలు వేయడం కూడా అయిపోయింది. రెండింటిలోనూ ఒకే మందు. దాని పేరు రాసి, ఎంత ఉందో రాసి, కింద సంతకం, ముద్ర. మా మొదటి రిపోర్టు కూడా అదే ఫైలులో ఉంది. ఇవాళ ఎవరైనా తెరిచి చూస్తే రెండూ నిజమే చెబుతాయి.

అధికారిణి ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. యంత్రం కవరు తీశారని, నడుస్తోందని కిందటేడు చెప్పింది. తిండి పరీక్ష చేసే బండి ఒకటి ఊళ్లకు తిరుగుతోందట. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణలో మొదట ఏం నేర్పుతున్నావమ్మా అని అడిగాను. "ఇంటోళ్ల పొయ్యి చల్లారిందా లేదా చూడమని సార్" అంది. మంచిదే. కానీ వేరే జిల్లాల్లో ఇంకా ఎన్ని కవర్లున్నాయో ఆమెకూ తెలియదు.

ఆ ఏడు రిపోర్టు వచ్చాక ఆ ఇంటికి వెళ్లాను. చెప్పవలసిన బాధ్యత ఆఫీసుది కాదు. ఆ కొట్టంలో ఇంకేమైనా మందు మిగిలి ఉంటే అన్నది ఒక కారణం. చిన్నకోడలు అడుగుతుందేమో అన్నది రెండోది.

గుమ్మంలోనే అవ్వ ఆపింది. గొంతు తగ్గించి, "ఏం కాయితం తెచ్చినవో నాకెరికే. ఎండదెబ్బ అని దవాఖానల డాక్టరు రాసిచ్చె. గదే ఉండనియ్యి బిడ్డా" అంది. "ఆమె చేతులతోని కాల్చిన రొట్టెలు. గా పిల్ల బతకాలె గద."

పెద్దకొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. వాళ్లు చెప్పింది తప్పని అనలేను. కాగితం జేబులోనే ఉంచి, కొట్టం మాత్రం చూసిపోతానన్నాను. పెద్దాయన మంచం కింద, పాత గొంగడి మడతలో పొడి మందు సంచి దొరికింది. సగం ఉంది. దాన్ని ఇంకో సంచిలో చుడుతుంటే వెనక అడుగుల చప్పుడు.

చిన్నకోడలు. నుదుట బొట్టు లేదు. బాగా చిక్కిపోయింది.

"సార్, మందకుక్క గూడ సచ్చిపాయె" అంది. "ఆయనెన్నడు ఒక్కడే తినడు. ఒక ముక్క కుక్కకు ఏస్తడు. తోడు కాపరి చెప్పిండు, ఆయన పక్కపొంటే పడి ఉండెనట. కుక్కకు ఎండదెబ్బ తగుల్తదా సార్?"

సంచి చుట్టడం ఆపాను.

"తగలదమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. గుంజకు ఆనుకుంది. అరుగు మీది నుంచి అవ్వ, "ఏమంటున్నడే సారు?" అని కేకవేసింది. "ఏం లేదత్తా, జొన్నల సంగతి" అని ఆమె జవాబిచ్చింది. తర్వాత నా జేబు వైపు చూసి, "గా మందు పేరేంది సార్?" అంది.

పేరు చదివాను. పొడవైన ఇంగ్లీషు పేరు. ఆమెకు పట్టుపడలేదు. మళ్లీ చెప్పమంది. ముక్కలు చేసి చెప్పాను. ఒక్కో ముక్కా నా వెంట పలికింది. తప్పు పోయిన చోట ఆగి మళ్లీ మొదటి నుంచి పలికింది.

"దుకాణపోనికి చెప్తా, గిది మా ఇంటికి ఇయ్యొద్దని" అంది. "పిల్లలకు గూడ నేర్పుత."

నేను సంచి మూతి తాడుతో బిగించి కట్టి లేచాను. జీపు దాకా వచ్చేసరికి ఆమె గొంతు ఇంకా వినబడుతోంది. కొట్టంలో ఒక్కతే నిలబడి ఆ పేరును మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా తప్పు లేకుండా పలుకుతోంది.